గుండానికి చుట్టంగా వెళ్ళండి

"ఈసారి మా ఊరి గుండానికి రా" అని ఎవరో పిలిచారు. వస్తానన్నారు మీరు. ఆ మాట అన్నప్పట్నుంచీ మనసులో ఒకటే గుబులు. చెప్పులు ఎక్కడ విడవాలి? ఫోన్ బయటికి తియ్యొచ్చా? పూనకం వచ్చిన మనిషి ఎదురొస్తే ఏం చెయ్యాలి? నన్ను కూడా నిప్పుల్లో నడవమంటారా? నడవనంటే చిన్నచూపు చూస్తారా?

ఇవి అడగడానికి మొహమాటపడి చాలామంది వెళ్ళడమే మానేస్తారు. ఇంకొందరు గుండం తొక్కే వేళకు సరిగ్గా కారు దిగి, జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్ళి, ఫోన్ పైకెత్తి, నాలుగు నిమిషాల వీడియో పట్టుకుని వెనక్కి తిరుగుతారు. నన్నడిగితే ఈ రెండో రకం వాళ్ళు కూడా వెళ్ళనట్టే లెక్క. నిప్పు ఎక్కడైనా నిప్పే. అందులో కాలు పెట్టే మనిషి ఎవరు, ఎందుకు పెడుతోంది, ఆమె ఇంట్లో ఆ పూట ఎలా గడుస్తోంది అన్నదే అసలు పండుగ. కాబట్టి గుండం తొక్కే ఒక మనిషి కోసం వెళ్ళండి. ఈ అధ్యాయంలో చెప్పేవన్నీ దానికి పనికొచ్చే మెలకువలే.

ఇది చదువుతున్న మీది నెల్లూరు తీరంలోని జువ్వలదిన్నె అనుకుందాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. బోట్లు గట్టునుంటాయి, వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు, తిరునాళ్ళకూ పెళ్ళిళ్ళకూ తీరుబడి దొరికేది అప్పుడే. 2020 నవంబరు 21న ఒకేసారి శంకుస్థాపన జరిగిన నాలుగు ఫిషింగ్ హార్బర్లలో మీ ఊరిదొకటి. హార్బరు చూడాలని వచ్చిన బయటి మనిషి ఎవరో, ఇసకలో ఆరేసిన మీ వలను చెప్పులతో తొక్కుకుంటూ వచ్చి మీ మొహమ్మీద ఫోటో తీశాడనుకోండి. మీకెలా ఉంటుంది? గుండం దగ్గర ఆ ఊరివాళ్ళకూ అలాగే ఉంటుంది. ఈ ఒక్కటి గుర్తుంటే సగం నేర్చుకున్నట్టే. మిగతా సగం ఇదిగో.

1. అది ఎవరి గుండమో ముందు కనుక్కోండి

మన దగ్గర నిప్పుల గుండాలన్నీ ఒకటి కావు. నెల్లూరు నుంచి దక్షిణంగా, శ్రీకాళహస్తి, పుత్తూరు వైపు వెళితే ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళున్నాయి. అక్కడ గుండం మహాభారత ఉత్సవంలో భాగం. తెలంగాణలో కొమురవెల్లి మల్లన్న దగ్గర జాతర ముగింపులో అగ్నిగుండాలుంటాయి, అది శైవుల సంప్రదాయం. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి గుండం మొహర్రం నాటిది, హిందువులూ ముస్లిములూ కలిసి చేసుకుంటారు.

ఇది తెలుసుకోవడం వల్ల లాభమేంటి? మీ ప్రవర్తన మారుతుంది. ద్రౌపదమ్మ గుండం దగ్గర జనం "గోవిందా" అని కేక వేస్తే మీరూ గొంతు కలపొచ్చు. మొహర్రం అలా కాదు. క్రీస్తు శకం 680లో కర్బలాలో హుసేన్ అమరుడైన దుఃఖం అది. అక్కడికి వెళ్ళి "హ్యాపీ మొహర్రం" అనడం, చప్పట్లు కొట్టడం పెద్ద పొరపాటు. తెలియక అన్నా వినేవాళ్ళకు గుచ్చుకుంటుంది.

తేదీ సంగతి కూడా అంతే. మొహర్రం చాంద్రమానం లెక్కన ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ద్రౌపదమ్మ తిరునాళ్ళు ఒక ఊళ్ళో ఎండాకాలం, ఇంకో ఊళ్ళో వానలు మొదలయ్యాక. పోయినేటి తేదీ చూసుకుని బయల్దేరకండి. గుడి దగ్గర కరపత్రం వేస్తారు. పిలిచినవాళ్ళను దాని ఫోటో పంపమనండి. ఏ రోజు ఏ ఘట్టమో అందులోనే ఉంటుంది.

2. ఒక ఇంటికి చుట్టమవండి

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే, అందుకే కొంచెం ఎక్కువసేపు చెబుతాను.

స్పెయిన్‌లో సాన్ పెద్రో మన్రీకె అని చిన్న ఊరుంది. ఏటా జూన్ 23 రాత్రి అక్కడ నిప్పుల మీద నడుస్తారు. కొందరు పరిశోధకులు అక్కడ నడిచేవాళ్ళకూ చూసేవాళ్ళకూ గుండె కొట్టుకునే వేగాన్ని కొలిచే పరికరాలు కట్టారు. 2011లో అచ్చయిన ఆ పరిశోధనలో తేలింది ఇది: నడిచే మనిషి గుండె ఎలా ఎగిసిపడిందో, కూర్చుని చూస్తున్న చుట్టాల, స్నేహితుల గుండె కూడా అలాగే ఎగిసిపడింది. ఏ సంబంధమూ లేకుండా చూడ్డానికొచ్చిన వాళ్ళకు అలా జరగలేదు. అదే చోటు, అదే నిప్పు, అదే క్షణం. తేడా ఎక్కడొచ్చింది? మనిషి తెలిసి ఉండటంలో.

మరి తెలిసినవాళ్ళు లేకపోతే? కరువేమీ లేదు. మీతో చదువుకున్నవాళ్ళు, మీ ఊరి కోడలి పుట్టింటివాళ్ళు, బోటు ఇంజను బాగుచేసే మేస్త్రీ, చేపలు కొనుక్కెళ్ళే వ్యాపారి, వీళ్ళలో ఎవరో ఒకరికి ఆ ఊళ్ళో మనుషులుంటారు. ఫోన్ చేసి, "అన్నా, మీవాళ్ళెవరైనా ఈసారి గుండం తొక్కతా ఉండారా? నేను ఒకరోజు ముందే వచ్చి, చేతనైన పని చేసి పోతాను" అనండి. పని చేస్తానన్న మనిషిని ఏ ఇల్లూ వద్దనదు. నీళ్ళ బిందెలు మొయ్యడం, పూలు కట్టించుకు రావడం, ముసలమ్మను గుడిదాకా చెయ్యిపట్టి నడిపించడం, ఇలాంటివి ఆ రోజు ఇంట్లో బోలెడుంటాయి.

వెళ్ళేటప్పుడు ఏం పట్టుకెళ్ళాలి? తీరంనుంచి వెళ్ళేవాళ్ళకు ఎండుచేపలో, రొయ్యపొట్టో మూటకట్టుకెళ్ళడం అలవాటు. ఇక్కడ మాత్రం ఆగండి. గుండం తొక్కేవాళ్ళు కాపు కట్టుకుని ఉంటారు. అంటే చేతికి పసుపు కంకణం కట్టుకుని, నీచు ముట్టకుండా, నేల మీద పడుకుంటూ, నియమంగా ఉంటారు. ఆ ఇంటి గడపలోకి నీచు వాసన తెస్తే వాళ్ళు మొహమాటానికి ఏమీ అనకపోయినా, ఇల్లు మళ్ళీ కడుక్కోవాలి. కొబ్బరికాయలు, పూలు, పళ్ళు, పసుపు కుంకుమ, ఒక బియ్యం సంచి. ఇవి చాలు. ఎండుచేపలు కాపు విప్పాక పంపండి, సంతోషంగా తింటారు.

3. మీ ఇంట్లో మైల ఉంటే ముందే చెప్పండి

ఇటీవల ఇంట్లో చావు జరిగిందా? పురుడు వచ్చిందా? దాచిపెట్టి వెళ్ళకండి. పిలిచినవాళ్ళతో ఉన్నమాట చెప్పి, "రావచ్చా, దూరంగా నిలబడనా?" అని అడగండి. మీకు ఇలాంటి పట్టింపులు లేకపోవచ్చు. కానీ గుండం దిగే మనిషికి ఉన్నాయి. రేపు ఆమె కాలికి బొబ్బ లేస్తే ఆ అనుమానం మీ మీదికి రావడం మీకూ మంచిది కాదు, ఆమెకూ కాదు.

ఇది మన పల్లెటూళ్ళ చాదస్తమేమో అనుకుంటున్నారా? జపాన్‌లో ఫుజి పర్వతం కింద ఫుజియోషిదా అనే పట్టణం ఉంది. ఏటా ఆగస్టు 26 రాత్రి అక్కడ వీధుల్లో నిలువెత్తును మించిన దివిటీలు వరసగా నిలబెట్టి వెలిగిస్తారు. ఫుజి కొండెక్కే ఎండాకాలం ముగిసిందని చెప్పే పండుగ అది. ఆ ఏడాది చావు జరిగిన ఇంటివాళ్ళు ఆ మంటకు ఎడంగా ఉండటం అక్కడా ఆనవాయితీ. నిప్పుకు మొక్కేవాళ్ళు ఎక్కడున్నా దాన్ని అంటు తగలకుండా కాపాడుకుంటారు. వచ్చిన అతిథి ఆ కాపలాకు తనవంతు సాయం చెయ్యాలి.

ఆడవాళ్ళ నెలసరి విషయంలోనూ ఊరికో నియమం ఉంటుంది. ఆ నియమం మీకు సమ్మతం కాకపోతే వెళ్ళకుండా ఉండే స్వేచ్ఛ మీకుంది. గుడి ముందు వాదన పెట్టుకోవడానికి మాత్రం అది సమయం కాదు.

4. బట్టలు, కాళ్ళు, నీళ్ళు

నూలు బట్టలే కట్టుకోండి. పాలిస్టరు, నైలాను నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. జారే పైటలు, వేలాడే చున్నీలు బిగించి దోపుకోండి. చెప్పులు మీరు దిగిన ఇంట్లోనే వదిలెయ్యండి. గుడి ముందు వదిలితే ఆ జనంలో మళ్ళీ దొరకవు. దారిలో నేల కాలుతుంది కాబట్టి నీడ పట్టున నడవండి. నీళ్ళ సీసా, ఉప్పు కలిపిన మజ్జిగ దగ్గరుంచుకోండి. కట్టెలు కాలి నిప్పుకణికలై, వాటిని చదునుగా పరిచేసరికి గంటలు పడుతుంది. ఆ సెగకు ఎండ కూడా తోడవుతుంది.

5. గుండం ఒక్కటే చూసి రాకండి

ద్రౌపదమ్మ తిరునాళ్ళు చాలా ఊళ్ళలో పద్దెనిమిది రోజులు సాగుతాయి. మధ్యాహ్నం భారతం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. ఉన్న సెలవు ఒక్కరోజైతే గుండం రోజే వెళ్ళండి, తప్పులేదు. రెండు మూడు రోజులు దొరికితే ఈ ఘట్టాలు పట్టుకోండి.

బకాసుర వధ రోజున బండెడు అన్నంతో భీముడి వేషగాడు వీధులన్నీ తిరుగుతాడు. పిల్లల్ని తీసుకెళితే వాళ్ళకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

అర్జున తపస్సు రోజు నిలువునా పాతిన పెద్ద మానెక్కుతాడు అర్జునుడి వేషం కట్టిన నటుడు. పద్యం పాడుతూ మెట్టు మెట్టు ఎక్కి, పైనుంచి నిమ్మకాయలు, పూలు, విభూతి విసురుతాడు. బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో మాను కింద కొంగుపట్టి ఉంటారు. ఇక్కడ అతిథులు చేసే తప్పొకటుంది. సరదాకి చెయ్యి చాపి ఆ నిమ్మకాయను పట్టేస్తారు. ఏళ్ళ తరబడి ఎదురుచూసి వచ్చిన మనిషి కొంగులో పడాల్సింది అది. మీ చేతిలో పడినా పక్కనున్న ఆమెకు ఇచ్చెయ్యండి.

చివరిది దుర్యోధన వధ. నేలమీద మట్టితో భారీ దుర్యోధనుణ్ణి పడుకోబెట్టి చేస్తారు. భీముడు తొడ పగలగొడతాడు, విరబోసుకున్న ద్రౌపది జుట్టు ముడిపడుతుంది. ఆ తర్వాత వచ్చేదే గుండం. ఆ ముడి చూసి గుండం దగ్గరికి వెళ్ళిన మనిషికీ, నేరుగా గుండం దగ్గర దిగిన మనిషికీ ఒకే నిప్పు రెండు రకాలుగా కనిపిస్తుంది. నా మాట నమ్మండి, ఆ పొద్దున వధ వదులుకోకండి.

రైల్లో వెళ్ళడం తేలిక. కావలిలోనో బిట్రగుంటలోనో ఎక్కితే గూడూరు మీదుగా శ్రీకాళహస్తి, రేణిగుంట దారి. పుత్తూరైతే రేణిగుంట దాటి అరక్కోణం వైపు. తిరుగు ప్రయాణం అదే రాత్రికి పెట్టుకోకండి. గుండం ఎప్పుడు మొదలవుతుందో అమ్మవారి ఊరేగింపు చేతిలో ఉంటుంది, గడియారం చేతిలో కాదు.

6. ఎక్కడ నిలబడాలి?

అందరూ అనుకునేది: ఎంత ముందుంటే అంత బాగా కనబడుతుందని. ప్రమాదమంతా అక్కడే ఉంది. గుండం దగ్గర నిప్పు కంటే తోపులాటకు ఎక్కువ భయపడాలి. వెనకనుంచి ఒక్క తోపు వస్తే ముందు వరస మనిషి ఆపుకోలేడు.

ఎగువన, గట్టుమీదో అరుగుమీదో, గాలి మీ వీపునుంచి గుండం వైపు వీచే చోట నిలబడండి. పొగ కళ్ళలో పడదు. వెనక్కి వెళ్ళే దారి ఒకటి ముందే చూసిపెట్టుకోండి. పిల్లల్ని మెడమీద ఎక్కించుకుని జనంలోకి దూరకండి. గుండం దిగే చివర, అవతలి ఒడ్డున, నడిచినవాళ్ళు కాళ్ళు పెట్టేందుకు నీళ్ళో పాలో నింపిన గుంట ఉంటుంది. వాళ్ళు ఆగకుండా వచ్చి దిగాలి. ఆ దారిలో నిలబడ్డారో, మీరు ఆపింది ఒక మనిషిని నిప్పుల మీద అని గుర్తుంచుకోండి.

7. ఫోన్

మీ ఇంటివాళ్ళు, అంటే మీరు చుట్టంగా వెళ్ళిన ఇంటివాళ్ళు, అడిగితే తియ్యండి. చాలాసార్లు వాళ్ళే అడుగుతారు, "అక్క నడిచేటప్పుడు ఒకటి తియ్యన్నా" అని. అప్పుడు ఆమె ఒక్కదాన్నే తియ్యండి. తడిబట్టల్లో ఉన్న వేరే ఆడవాళ్ళను, పూనకంలో ఉన్నవాళ్ళను తియ్యకండి. ఫ్లాష్ ఆపెయ్యండి, అడుగు తడబడటానికి ఒక్క మెరుపు చాలు. తీసింది ఊరందరికీ పంచకుండా ఆ ఇంటికే పంపండి.

8. పూనకం వస్తే

డప్పులు, పంబలు జోరందుకున్నాక మీ పక్కనున్న మనిషే ఊగిపోవచ్చు. మీరు చెయ్యాల్సింది తక్కువ: రెండడుగులు వెనక్కి జరిగి చోటివ్వండి. పట్టుకోవడానికి ఇంటివాళ్ళుంటారు, వేపమండలు, పసుపునీళ్ళు వాళ్ళ దగ్గరుంటాయి. నవ్వకండి. "ఇది నిజమేనా?" అని పక్కవాణ్ణి అడగకండి. ఆ ప్రశ్న మీకుంటే ఉండనివ్వండి, ఇంటికెళ్ళాక తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. అయితే కింద పడి తల కొట్టుకున్నా, నురగలు కక్కినా, చాలాసేపటికీ తెలివి రాకపోయినా మాత్రం ఊరుకోవద్దు. పెద్దవాళ్ళకు చెప్పి 108కి ఫోన్ చెయ్యండి.

9. నేనూ నడవనా?

వద్దు.

ఇంత సూటిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ వేళకు మీ మనసు మీ మాట వినదు. డప్పు మోగుతుంటుంది, పదేళ్ళ పిల్లాడు నడిచి వస్తాడు, ముసలమ్మ నడిచి వస్తుంది. "నేను వీళ్ళకంటే తీసిపోయానా?" అనిపిస్తుంది. అందుకే నిర్ణయం ఇంటి దగ్గరే తీసుకుని బయల్దేరండి.

బొగ్గు, దాని మీది బూడిద వేడిని మెల్లగా వదులుతాయి. చకచకా నడిచే పాదం ఒక్కో చోట క్షణం కూడా ఆగదు. చాలామందికి కాలకపోవడానికి ఇదో కారణం. తడబడ్డా, ఆగినా, ముందు మనిషి ఆగితే మీరు ఆగాల్సివచ్చినా, ఆ రక్షణ పోతుంది. ఏళ్ళుగా నడుస్తున్నవాళ్ళు ఆ నడక, ఆ వరస, ఆ వేగం నేర్చుకుని ఉంటారు. రోజుల తరబడి నియమంగా ఉండి, మనసు నిలబెట్టుకుని వస్తారు. మీరు పొద్దున రైలు దిగారు. షుగరు ఉన్నవాళ్ళు, అరికాళ్ళకు స్పర్శ తగ్గినవాళ్ళు అసలే ఆలోచించకూడదు. కాలినా తెలియదు, తెలిసేసరికి పుండవుతుంది.

ఇంకో సంగతి. మొక్కు ఉన్నవాళ్ళకు ఆ గుండం బాకీ తీర్చుకునే చోటు. బిడ్డకు జ్వరం తగ్గాలని మొక్కిందొకామె, కోర్టు కేసు తేలాలని ఇంకొకాయన. మొక్కు లేకుండా ధైర్యం చూపించుకోవడానికి దిగితే వాళ్ళ వరసలో చోటు ఆక్రమించినట్టు. ఎవరైనా రమ్మని చెయ్యిపట్టి లాగితే ఏమనాలి? "నాకు మొక్కు లేదన్నా, కాపు కట్టుకోలేదు" అనండి. ఈ మాట ముందు ఎవరూ బలవంతం చెయ్యరు. మీ పిల్లల్ని ఎత్తుకుని నడుస్తామని ఎవరైనా అడిగినా ఇవ్వకండి, ఇంటివాళ్ళు అడిగినా సరే.

నిజంగానే మొక్కు ఉందా? అయితే వచ్చే ఏడాదికి పెట్టుకోండి. కాపు కట్టే రోజు నుంచీ ఆ ఊళ్ళో ఉండండి, పెద్దలు చెప్పినట్టు చెయ్యండి. అప్పుడు మీరు ఈ అధ్యాయం చదవాల్సిన మనిషి కాదు.

10. కాలినవాళ్ళు కనిపిస్తే

చల్లని నీళ్ళు, మంచినీళ్ళు, ధారగా ఇరవై నిమిషాలు. అంతే. ఐసు పెట్టకూడదు, టూత్‌పేస్టు, సిరా, పసుపు, వెన్న రాయకూడదు. బొబ్బలు చిదమకూడదు. ఉతికిన నూలుగుడ్డ వదులుగా కప్పి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఒక బిందె మంచినీళ్ళు గుండానికి కొంచెం ఎడంగా ముందే పెట్టిస్తానని ఆ ఇంటివాళ్ళతో చెప్పండి. అతిథి చెయ్యగలిగిన పనుల్లో ఇంతకంటే విలువైంది నాకు తోచదు.

11. మర్నాడు

ఉండగలిగితే ధర్మరాజు పట్టాభిషేకం చూసి బయల్దేరండి. అప్పటికి జనం పలచబడతారు, ఇంటివాళ్ళు తెరిపిన పడతారు, మీతో కూర్చుని మాట్లాడేది ఆ పూటే. ఆ ఇంటి మనిషి ఎన్నేళ్ళనుంచి నడుస్తోంది, మొదటిసారి ఎందుకు నడిచింది, అవన్నీ అడగాల్సింది అప్పుడు. గుండానికి ముందు అడిగితే జవాబు రాదు.

ఇంటికి చేరాక రెండు రోజులకు ఫోన్ చేసి, "అక్కా, కాళ్ళు ఎలా ఉండాయి?" అని కనుక్కోండి. బొబ్బలు లేచాయని చెప్పలేక దాచిపెట్టేవాళ్ళుంటారు. బొబ్బ లేచిందంటే నియమంలో ఏదో తప్పు చేసిందని చుట్టుపక్కలవాళ్ళు గుసగుసలాడతారు, ఆ భయానికి ఆస్పత్రికి పోకుండా పసుపు రాసుకుని మూలన కూర్చుంటారు. ఆ గుసగుసల్లో మీరు గొంతు కలపకండి. "నిప్పు నిప్పే కదక్కా, నీ మొక్కు తీరిపోయింది. కాలు చూపించుకో" అనండి. వాళ్ళ తమ్ముడికో కొడుక్కో ఇంకో ఫోన్ చేసి, ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని చెప్పండి.